టొరంటోలో తోట గ్రాంటు: మూడో వేసవిలో నీళ్లెవరు పోస్తారు?

రథసప్తమికి టొరంటో నుంచి శ్రీకాకుళం వచ్చాను. అరసవల్లి దర్శనం చేసుకొచ్చి చిన్నాన్నగారి అరుగు మీద కూర్చుంటే, వచ్చే నెల భర్త దగ్గరికి టొరంటో వెళ్తున్న పక్కింటి అమ్మాయి వచ్చింది. "అన్నయ్యా, అక్కడ తోటలు వేసుకోడానికి సిటీవాళ్లే డబ్బులిస్తారట, మాలాంటి కొత్తవాళ్లకీ ఇస్తారా?" అని అడిగింది. ఇదే మాట ఇంతకుముందూ చాలామంది అడిగారు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

ఇస్తారమ్మా, కానీ నీ ఒక్కదానికి కాదు, బృందానికి. టొరంటో నగరం 2018లో పరాగ సంపర్కం చేసే జీవుల రక్షణకి ఒక ప్రణాళిక ఆమోదించింది. దాని వెనకే వచ్చింది పాలినేట్ టీఓ గ్రాంటు. తేనెటీగలకీ సీతాకోకచిలుకలకీ తిండి దొరికేలా స్థానిక మొక్కలు పెంచే బృందాలకి 5,000 డాలర్ల దాకా ఇస్తూ వచ్చారు. షరతులు ఏటా మారొచ్చు, ఆ ఏడాది నిబంధనలు చదివాకే మొదలుపెట్టండి. గోంగూర, బంతి, తులసి ఇందులో రాయకండి. అక్కడి నేలలో పుట్టిన మొక్కలే కావాలి. ఆ నగరంలో 360కి పైగా రకాల తేనెటీగలున్నాయి. వాటిలో చాలావాటికి తేనెపట్టు ఉండదు, నేలలో బొరియలు చేసుకుని ఒంటరిగా బతుకుతాయి. గ్రాంటు వాటికోసం. తేనె పెట్టెలు కొంటామని రాస్తే విషయం అర్థం కాలేదనుకుంటారు.

మా మొదటి దరఖాస్తు సంగతి చెబుతాను. అది వేరే గ్రాంటు. మా అపార్ట్‌మెంటులో ఆరు తెలుగు కుటుంబాలం కలిసి భూమాత గురించి రెండు పేజీలు చక్కగా రాశాం. రాలేదు. స్థలం యజమాని రాతపూర్వక అనుమతి జతచేయలేదు. "నిర్వహణ ఎవరిది?" అన్నచోట "అందరం చూసుకుంటాం" అని రాశాం. అందరూ అంటే ఎవరూ కాదని చదివినవాళ్లకి తెలిసిపోతుంది. మరుసటి ఏడాది మూడో అంతస్తులో ఇరవై ఏళ్లుగా ఉంటున్న ఒక పెద్దావిడని కలుపుకున్నాం. బయటి కుళాయి తాళం బిల్డింగ్ చూసుకునే సూపరింటెండెంట్ దగ్గర ఉంటుందని మాకు చెప్పింది ఆవిడే. ఆరేళ్లున్నా మాకు ఆ ముక్క తెలీదు. ఈసారి వారాలవారీగా పేర్లు రాశాం. మే నుంచి సెప్టెంబరు దాకా ఎవరు నీళ్లు పోస్తారు, ఎవరు ఇండియా వెళ్తే వాళ్ల బదులు ఎవరు, మూడో వేసవిలో కూడా ఎవరు. అప్పుడొచ్చింది.

అంచనా రాసేటప్పుడు నర్సరీ ఇచ్చిన ధరల కాగితం పెట్టండి, టొరంటో ఉన్న అంటారియో రాష్ట్రంలో 13 శాతం పన్ను కలపడం మరిచిపోకండి. మీ బృందానికి రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖాతా లేకపోతే, డబ్బు తమ ఖాతాలో తీసుకోగల సంస్థ ఏదైనా కావాలా అని దరఖాస్తుకి ముందే సిటీవాళ్లని అడగండి. వర్క్ పర్మిట్ మీద, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు శ్రమదానం చేయండి కానీ ఆ డబ్బులోంచి కూలి రాసుకోకండి. పార తీసే ముందు అంటారియో వన్ కాల్ అనే సంస్థకి కనీసం ఐదు పనిదినాల ముందు చెప్పండి, గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తు పెట్టిస్తారు. ఇది చట్టం, వదిలేయకూడదు. మంచు భయం పోయాక, మే 18–24 మధ్య వచ్చే విక్టోరియా డే సెలవులప్పుడు నాటితే మొక్క నిలుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టేది "మీ బృందమే ఎందుకు?" అన్న ప్రశ్న. నెట్‌లోంచి ఎవరి వాక్యాలో దించకండి. పొద్దున నెత్తిమీద జిల్లేడు ఆకులు పెట్టుకుని స్నానం చేశాం కదా. అరసవల్లి దారిలో గట్టు మీద ఆ జిల్లేడు ఆకు తిప్పి చూపించాను ఆ అమ్మాయికి. అడుగున నలుపు, తెలుపు, పసుపు చారల పురుగు ఆకు అంచు కొరుకుతోంది, కొరికినచోట పాలు బొట్టుగా నిలిచింది. ఆ పురుగే నారింజరంగు సీతాకోకచిలుక అవుతుంది. టొరంటోలో మిల్క్‌వీడ్ అనే మొక్క మన జిల్లేడు కుటుంబమే. దాని ఆకు తిని పెరిగే మోనార్క్ అనే సీతాకోకచిలుక మన ఈ సీతాకోకచిలుకకి దగ్గరి చుట్టం, చలికాలానికి మెక్సికో దాకా ఎగిరిపోతుంది. మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఏటా వచ్చే పక్షుల్ని ఊరివాళ్లు కన్నబిడ్డల్లా చూసుకోవడం మనం చూస్తూ పెరిగాం. ఎక్కడినుంచో వచ్చేవాటికి చోటివ్వడం మనకి కొత్త కాదు. రాయాల్సింది అదే.

ఆ పేరా ముందు తెలుగులో రాసి నాకు పంపమన్నాను. ఇంగ్లీషు సంగతి తర్వాత చూసుకుందాం అన్నాను.