ఎయిర్‌పోర్టు వస్తే పెరిగిన ధర ఎవరిది?

పోయిన నెల ఈ శీర్షికలో ఒకరు అడిగితే, ఖాళీగా పడేసిన స్థలాల మీద వాటి ధరను బట్టి ఏటా పన్ను వేయడం మంచిదేనని రెండు ముక్కలు రాశాను. ఈ మధ్య దేనికీ రానన్ని ఉత్తరాలు దానికి వచ్చాయి, అందులో తిట్లే ఎక్కువ. అచ్చు వేయదగినవి ఏరి, ఈసారి పేజీ మొత్తం వాటికే ఇస్తున్నాం. పేరు వద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ లేదు, ఊళ్లు మాత్రం ఉన్నాయి.

ప్రశ్న (భోగాపురం): నాకు ఎకరంన్నర గరువు (మెట్ట నేల) ఉంది. మా నాన్న కొన్నది, కబ్జా చేసింది కాదు. ఎయిర్‌పోర్టు వచ్చి ధర పెరిగితే అది నా అదృష్టం. దాని మీద పన్ను వేయమని రాయడానికి మీకు చేతులెలా వచ్చాయి?

జవాబు: మీ మీద కోపంతో రాయలేదండీ. మీరు నుయ్యి తవ్వించారు, గట్టు వేశారు, జీడి మొక్కలు పెట్టారు అనుకుందాం, అదంతా మీ కష్టం, దాని మీద పైసా పన్ను వేసినా నేను మీ పక్కనే నిలబడతాను. నేను అడిగేది మిగతా ముక్క గురించి. ఎయిర్‌పోర్టు మీరు కట్టలేదు, హైవే మీరు వెడల్పు చేయలేదు. ఆ ఎయిర్‌పోర్టు కోసం కొన్ని పల్లెలవాళ్లు ఇళ్లూ పొలాలూ ఇచ్చేసి పునరావాస కాలనీలకు వెళ్లిపోయారు, వాళ్లకి లెక్క కట్టిన పరిహారం తప్ప తర్వాత పెరిగిన ధరలో ఏమీ రాదు. ప్రహరీకి లోపలపడినవాడికి పరిహారం, బయటపడినవాడికి లాటరీ! ఇందులో న్యాయం ఎక్కడుందో నాకు అర్థం కాలేదు, మీకు అర్థమైతే రాయండి, వేస్తాం.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మున్సిపాలిటీ హద్దు నుంచి, అక్కడి జనాభాను బట్టి 2, 6 లేదా 8 కిలోమీటర్లు దాటి ఉన్న వ్యవసాయ భూమిని ఆదాయపు పన్ను చట్టం అసలు పెట్టుబడి ఆస్తిగానే చూడదు. అంటే అలాంటి పొలం కోటి రూపాయల లాభానికి అమ్మినా క్యాపిటల్ గెయిన్స్ పన్ను సున్నా. అదే రాజాంలో ఇల్లు అద్దెకు తీసుకుని ఉద్యోగం చేసుకునే కుర్రాడికి జీతం చేతికి రాకముందే కోత పడుతుంది, ఉపాధి హామీ పనికి వెళ్లే ఆవిడ ఫోన్ రీచార్జి చేయించుకున్నా 18 శాతం జీఎస్టీ కడుతుంది. కష్టం మీద పన్ను, అదృష్టానికి మినహాయింపు. నేను రాసిందల్లా దాన్ని తిరగేయమని.

మీ ఉత్తరం చివర్లో రాసిన భయం మాత్రం నిజమైనదే: ధర కాగితం మీద పెరిగింది, చేతిలో డబ్బు లేదు, ఏటా ఎక్కడ తెచ్చి కడతాను అని. దీనికి దారి ఉంది. సాగులో ఉన్నంతకాలం పన్ను ఖాతాలో రాసి ఉంచి, అమ్మినప్పుడో లేఅవుట్ వేసినప్పుడో వసూలు చేసుకోవచ్చు. డెన్మార్క్‌లో భూమి విలువ మీద పన్ను ఉంది, పెన్షన్ వయసు వాళ్లు ఆ పన్నును ఇంటి మీద అప్పుగా రాయించుకుని వాయిదా వేసుకునే వీలూ ఉంది. లేకపోతే పన్ను కట్టలేక ముసలివాళ్లు పొలం తెగనమ్ముకోవాల్సి వస్తుంది, కొనేది మళ్లీ ఆ రియల్ ఎస్టేట్ వాడే.

ప్రశ్న (చీపురుపల్లి, రిటైర్డ్ టీచర్): శిస్తు కట్టలేక మా తాతల కాలంలో పశువుల్ని కూడా జప్తు చేశారని చెప్పుకునేవారు. ఆ జమీందారీ రోజుల్ని మళ్లీ తెస్తారా?

జవాబు: మాస్టారూ, మీరు రాసినది కాదనేవాడు మన విజయనగరం, శ్రీకాకుళం వైపు ఉండడు. ఈస్టిండియా కంపెనీకి కట్టాల్సిన కప్పం (పేష్కషు) బకాయిల గొడవే ముదిరి 1794లో పద్మనాభం యుద్ధందాకా వెళ్లింది, విజయనగరం రాజు విజయరామరాజు అందులోనే చనిపోయాడు. 1940లో మందస ఎస్టేటులో జమీందారుకి ఎదురు తిరిగిన రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపితే గున్నమ్మ, మరికొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పన్ను అనగానే మనవాళ్లకి ఒళ్లు మండటం ఊరికే రాలేదు.

కానీ 1802లో మన సర్కారు జిల్లాలకి తెచ్చిన శాశ్వత శిస్తు ఒప్పందంలో ఏముందో ఒకసారి చూడండి. జమీందారు కంపెనీకి కట్టాల్సిన పేష్కషు ఎప్పటికీ మారకుండా కట్టేశారు. సాగు పెరిగినా, ధరలు పెరిగినా, కొత్తగా చెరువులు వచ్చినా సర్కారు వాటా అంతే. పెరిగిందంతా మధ్యలో కూర్చున్నవాడిది, పొలంలో దిగినవాడిదీ కాదు, ఖజానాదీ కాదు. ఇవాళ హైవే పక్కన ఇరవై ఎకరాలు కొని ముళ్లకంచె వేసి కూర్చున్నవాడి సంగతి దీనికి ఏమైనా తేడాగా ఉందా? నన్నడిగితే పాత జమీందారీ వాసన ఎక్కువ వచ్చేది పన్ను లేని ఈ పద్ధతిలోనే.

పైగా ఆ రోజుల్లో పీల్చింది పంటని, వానలు పడ్డా పడకపోయినా. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయి, రైతే నేరుగా సర్కారుకి శిస్తు కట్టే రైత్వారీ వచ్చింది, తర్వాత 1988 నీటి పన్ను చట్టం నాటికి మన రాష్ట్రంలో రైతు కట్టేది దాదాపు నీటి తీరువా ఒక్కటే అయింది. పాత భూమి శిస్తు తీసేసినందుకు నాకేమీ బాధ లేదు. పెద్ద కమతాల మీద మెట్లమెట్లుగా పన్ను వేయమని 1972లో కె.ఎన్. రాజ్ కమిటీ కేంద్రానికి చెప్పింది. భూమి పన్ను రాష్ట్రాల చేతిలోది, ఏ రాష్ట్రమూ ఆ సిఫార్సుని అమలు చేయలేదు. ఎందుకో మీకు నేను చెప్పాలా.

ప్రశ్న (గార మండలం, కౌలు రైతు): నాకు సొంత భూమి లేదు, మూడెకరాల పల్లం కౌలుకి చేస్తాను. పన్ను పడితే ఓనరు దాన్ని నా కౌలులోనే కలిపేస్తాడు. ఇంకోటి, రిజర్వ్ బ్యాంకు వడ్డీ తగ్గించిందని టీవీలో చెప్తున్నారు, నేను నూటికి మూడు రూపాయలకి తెస్తున్నాను. నాకేటి ఒరిగింది?

జవాబు: వచ్చిన ఉత్తరాల్లో అన్నిటికన్నా గట్టిది మీదే. మొదటి ముక్కకి పుస్తకాల్లో ఒక జవాబు ఉంది: భూమిని ఎవరూ కొత్తగా తయారు చేయలేరు, కౌలు ఎన్ని బస్తాలన్నది కౌలుకి ఎగబడేవాళ్ల పోటీని బట్టి ఇప్పటికే గరిష్ఠానికి చేరి ఉంటుంది, కాబట్టి యజమాని పన్నును కౌలుదారు మీదకి నెట్టలేడు. రెండు వందల ఏళ్లుగా అర్థశాస్త్రవేత్తలు ఒప్పుకునే అతి కొద్ది విషయాల్లో ఇదొకటి. కానీ రాతకోతలు లేని మన కౌలులో, పొలం అడగాలంటే ఆయన గుమ్మం ముందు నిలబడాల్సిన చోట, 'ఈ ఏడు పన్ను పడిందయ్యా, ఇంకో బస్తా వెయ్యి' అంటే మీరు పుస్తకం తీసి చూపించలేరు కదా. అందుకే సాగు భూమిని ఈ పన్నులోంచి పక్కన పెట్టాలని, ముందు లేఅవుట్లు, ఖాళీ స్థలాలతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం. నాలుగు సరుగుడు మొక్కలు నాటి 'ఇదీ సాగే' అనేవాళ్లు పుట్టుకొస్తారు, అందుకే అమ్మినప్పుడు వసూలు అనే ముడి పైన చెప్పాను.

ఇక వడ్డీ. నెలకి నూటికి మూడు అంటే ఏడాదికి 36 శాతం. బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీని, అంటే రెపోని, రిజర్వ్ బ్యాంకు 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా 4 నుంచి 6.5 శాతానికి పెంచింది, 2025లో మళ్లీ తగ్గిస్తూ వచ్చింది. పెంచినప్పుడు మీ షావుకారు మూడుని మూడున్నర చేశాడా? తగ్గించినప్పుడు రెండున్నర చేశాడా? చేయడు, ఎందుకంటే మీరు ఆ బజారులోనే లేరు. బ్యాంకులో 3 లక్షల దాకా పంట రుణం 7 శాతానికి వస్తుంది, గడువులో కడితే రాయితీ పోను 4 శాతమే పడుతుంది. కానీ బ్యాంకు చూసేది పాసుపుస్తకం, అది ఓనరు బీరువాలో ఉంటుంది. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద పదకొండు నెలల కార్డు ఇస్తారు గానీ దానికి ఓనరు సంతకం కావాలి, సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయన భయం. చివరికి పొలం దున్నేవాడికి 36, దున్నని వాడికి 4.

తగ్గిన వడ్డీ ఎక్కడికి పోతుందో కూడా చెప్పాలి. ఏడాదికి 50 వేలు అద్దె వచ్చే స్థలం ఉందనుకోండి. వడ్డీ 10 శాతం ఉన్న రోజుల్లో దానికి 5 లక్షలు పెట్టడం గిట్టుబాటు, వడ్డీ 5కి దిగితే 10 లక్షలు పెట్టినా గిట్టుబాటే. అద్దె పెరగలేదు, స్థలం మారలేదు, ధర మాత్రం రెట్టింపు. ముంబైలో రెపో తగ్గితే మన సెంటు ధర కదిలేది ఇలాగే, అందుకే భూమి మీద పన్ను లేకుండా వడ్డీలు మాత్రమే తగ్గిస్తే లాభం ముందుగా స్థలాలున్నవాళ్ల దగ్గరికే చేరుతుంది.

ప్రశ్న (బొబ్బిలి, డిగ్రీ విద్యార్థిని): ప్రభుత్వానికి డబ్బు కావాలంటే రిజర్వ్ బ్యాంకు నోట్లు వేస్తే సరిపోతుంది కదా, ఈ పన్నుల గొడవ ఎందుకు?

జవాబు: అమ్మా, ఇలా ఒకప్పుడు నిజంగానే నడిచింది. కేంద్రం ఖాతా ఖాళీ అయితే రిజర్వ్ బ్యాంకు దానంతటదే అప్పు పత్రాలు తీసుకుని డబ్బు వేసేది. 1997లో ఆ పద్ధతి ఆపేశారు. 2006 నుంచి ప్రభుత్వం కొత్తగా జారీ చేసే బాండ్లని రిజర్వ్ బ్యాంకు నేరుగా కొనకూడదన్న చట్టమూ ఉంది. 2016లో చట్టం మార్చి, ధరల పెరుగుదలని 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతంలో ఉంచే పని ఆరుగురి కమిటీకి అప్పగించారు. రాష్ట్రాలకైతే నోట్ల మాటే లేదు, 'మంగళవారం మళ్లీ అప్పు' అని పేపర్లో చదువుతుంటారే, అది రిజర్వ్ బ్యాంకు నడిపే వేలంలో రాష్ట్రం బాండ్లు అమ్ముకోవడం.

సరుకు పెరగకుండా నోట్లు పెరిగితే ధరలు పెరుగుతాయి. అదీ పన్నే, కాకపోతే అసెంబ్లీలో ఓటు లేకుండా పడే పన్ను. అది కూలి డబ్బు డబ్బాలో దాచుకునేవాళ్ల మీదే పడుతుంది, భూమి ఉన్నవాడి మీద పడదు, భూమి ధర కూడా పెరుగుతుంది కనక.

అసలు రిజర్వ్ బ్యాంకే వద్దు అనేవాళ్ల వీడియోలు కూడా చూస్తున్నానని రాశావు. పాలకొండ కథ చెప్తాను. 1830ల తిరుగుబాటు తర్వాత పాలకొండ జమీని కంపెనీ లాగేసుకుంది, తర్వాత మద్రాసులోని ఆర్బత్‌నాట్ కంపెనీకి ఆ తాలూకా శిస్తు వసూలు కౌలుకి ఇచ్చారు. ఆ కంపెనీయే జనం డిపాజిట్లు తీసుకునే పెద్ద బ్యాంకు కూడా. 1906 అక్టోబరులో అది దివాలా తీసింది, వేలమంది డిపాజిట్లు మునిగాయి, యజమాని జైలుకెళ్లాడు. అప్పటికి ఈ దేశంలో కేంద్ర బ్యాంకు లేదు, రిజర్వ్ బ్యాంకు వచ్చింది 1935లో. లైసెన్సు ఇచ్చి లెక్కలు తనిఖీ చేసేవాడు, ఆపదలో అప్పిచ్చేవాడు లేకపోతే ఏమవుతుందో మనవాళ్ల శిస్తు డబ్బు తిరిగిన కంపెనీయే చూపించింది. రిజర్వ్ బ్యాంకుని తిట్టడానికి కారణాలు చాలా ఉన్నాయి, గారవాసి ఉత్తరం చాలు. తీసేయమనడం వేరే సంగతి.

ప్రశ్న (పలాస): సూటిగా చెప్పండి, మీరు కమ్యూనిస్టా?

జవాబు: కాదు. భూమి విలువ మీద ఒక్క పన్ను చాలు, మిగతావన్నీ ఎత్తేయండి అని 19వ శతాబ్దంలో ప్రచారం చేసిన అమెరికా పాత్రికేయుడు హెన్రీ జార్జిని మార్క్స్ ఎద్దేవా చేశాడు. మార్కెట్టే దేవుడనే అర్థశాస్త్రవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ అన్ని పన్నుల్లోకీ తక్కువ చెడ్డది ఇదేనన్నాడు. చైనాలో సన్ యట్ సేన్‌కి నచ్చింది, 1909లో ఇంగ్లండులో చర్చిల్ కూడా దీని తరఫున ఊరూరా మాట్లాడాడు. మన బెంగాల్ కరువు గుర్తున్నవాళ్లకి ఆ పేరు వింటేనే చిరాకు, నాకూ అంతే, కానీ ఆ ఏడాది ఆయన చెప్పింది సరైనదే. ఒక్క పన్నుతో ప్రభుత్వాలు నడుస్తాయని మాత్రం నేను నమ్మను.

ప్రశ్న (విజయనగరం): మాకు ఇంటి పన్ను ఏటా పెంచుతూనే ఉన్నారు. ఇంకా కొత్త పన్నా?

జవాబు: కొత్తది వద్దు, ఉన్నదాన్ని సరిచేస్తే చాలు. 2021 నుంచి మన పట్టణాల్లో ఇంటి పన్ను అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ (స్థలమూ కట్టడమూ కలిపిన ధర) మీద కడుతున్నారు, ఏడాదికి 15 శాతానికి మించి పెంచకూడదన్న పరిమితితో. ఇందులో స్థలమూ కట్టడమూ కలిసిపోయాయి. మీరు పైన ఒక గది వేసుకుంటే పన్ను పెరుగుతుంది, అంటే కట్టుకున్నందుకు శిక్ష. పెన్సిల్వేనియాలోని హారిస్‌బర్గ్ నగరం కట్టడం మీద తక్కువ, నేల మీద ఎక్కువ రేటు వేస్తుంది. మనం చేసినా మొత్తం వసూలు అంతే ఉంటుంది, ఇల్లు కట్టుకున్న మీకు తగ్గుతుంది, మీ పక్కన పదేళ్లుగా తుప్పలు పెరిగి పాములు తిరుగుతున్న ప్లాటు ఓనరుకి పెరుగుతుంది.

ప్రశ్న (నరసన్నపేట): ఏ పార్టీ అయినా దీన్ని మేనిఫెస్టోలో పెడుతుందా?

జవాబు: పెట్టదు. భూ హక్కుల చట్టం (ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్) మీద 2024 ఎన్నికల్లో ఎంత రగడ అయిందో చూశారుగా, గెలిచినవాళ్లు వచ్చీ రాగానే దాన్ని రద్దు చేశారు. అది మంచిదా చెడ్డదా అన్నది వదిలేయండి, భూమి మాట ఎత్తితే ఓట్లు అటూ ఇటూ అవుతాయని అందరికీ అర్థమైంది. ఇంకో కారణం కావాలంటే మీ నియోజకవర్గంలో పోటీ చేసినవాళ్ల అఫిడవిట్లు ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో ఉంటాయి, స్థిరాస్తుల పేజీ తెరిచి ఏ సర్వే నంబర్లు ఏ రోడ్డు పక్కన ఉన్నాయో చూడండి.