ముందు రేకు చదువు

నల్లగొండ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోనులో నువ్వు చెప్పింది పడుకున్నాక కూడా ఆలోచించాను. కొత్తగా విండోస్ వేయించాక వై-ఫై గుర్తే పోయిందన్నావు. ఐదు డ్రైవర్లు (కార్డును విండోస్‌తో మాట్లాడించే చిన్న సాఫ్ట్‌వేర్లు) వేసి చూశావు, ఒక్కటీ పట్టలేదు. పట్టదు మరి. కల్వకుర్తిలో మీ నాన్న బోరు మోటారు కాలిపోతే పైకి తీయించి, దానికి కొట్టిన రేకు మీద ఎన్ని హెచ్‌పీ ఉందో చూసుకుని గానీ దుకాణం మెట్లెక్కడు. నువ్వు రేకు చదవకుండానే సామాను కొంటున్నావు.

కంప్యూటర్ పెట్టె మీద ఉన్న కంపెనీ పేరు చూసి మోసపోకు. లోపలి వై-ఫై కార్డు చిప్పు వేరే కంపెనీది కావచ్చు. ఒకే మోడల్‌లో కూడా కొన్నింటికి ఒక కంపెనీది, మరికొన్నింటికి ఇంకో కంపెనీది వేస్తారు.

ముందు నెట్ సంగతి చూడు. డ్రైవర్ కావాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి అని తల పట్టుకోనక్కరలేదు. ఫోనును కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, ఫోను సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ (ఫోను నెట్‌ను కంప్యూటర్‌కు ఇచ్చేది) నొక్కు. ఫోను ఇంటి వై-ఫైలోనే ఉంటే, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు ఆ నెట్‌నే అందిస్తాయి, మొబైల్ డేటా ఖర్చు కాదు. కేబుల్ మాత్రం ఫోనుతో వచ్చినదే వాడు. చవక కేబుళ్లలో కొన్ని చార్జింగ్‌కు తప్ప దేనికీ పనికిరావు.

ఇక రేకు, అంటే కార్డు చిప్పు ఏ కంపెనీదో చెప్పే గుర్తు. స్టార్ట్ గుర్తు మీద మౌసు కుడి బటన్ నొక్కి డివైస్ మేనేజర్ (కంప్యూటర్ భాగాల జాబితా) తెరువు. ‘అదర్ డివైసెస్’ కింద పసుపు గుర్తుతో ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ ఉంటే అదే మన కార్డు కావచ్చు. కేబుల్ పెట్టే లాన్ పోర్టుకు డ్రైవర్ లేకపోతే అదీ అక్కడే చేరుతుంది కాబట్టి రెండు కనిపిస్తే రెండూ చూడు. ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్‌కు వెళ్లి, కింది జాబితాలో ‘హార్డ్‌వేర్ ఐడీస్’ ఎంచుకో. వీఈఎన్ తరువాత వచ్చే నాలుగు గుర్తులే కంపెనీ పేరు. 8086 అంటే ఇంటెల్ (1978లో వచ్చిన తమ చిప్పు అంకెనే వాళ్లు గుర్తుగా పెట్టుకున్నారు, ముచ్చటేస్తుంది). 10ఈసీ రియల్‌టెక్, 14సీ3 మీడియాటెక్, 168సీ అథెరోస్, 14ఈ4 బ్రాడ్‌కామ్. డీఈవీ తరువాతి నాలుగు ఆ చిప్పు రకం. యూఎస్‌బీకి గుచ్చే చిన్న డాంగిల్ అయితే వీఈఎన్ బదులు వీఐడీ, డీఈవీ బదులు పీఐడీ ఉంటాయి.

పేరు తెలిశాక పని సులువు. మొదట విండోస్ అప్‌డేట్‌లో ‘ఆప్షనల్ అప్‌డేట్స్’ చూడు, చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. లేకపోతే కంప్యూటర్ తయారీ కంపెనీ సైటులో నీ మోడల్ పేజీ, ఆ తరువాత చిప్పు కంపెనీ సైటు. 64 బిట్ విండోస్‌లో 32 బిట్ డ్రైవర్ ఎక్కదు, అది చూసుకుని దించు. ‘మీ డ్రైవర్లన్నీ ఉచితంగా సరిచేస్తాం’ అనే సాఫ్ట్‌వేర్ల జోలికి పోకు. ఒకసారి ఆశపడి నేనూ వేశాను. వై-ఫై రాలేదు సరికదా, ఉన్న సౌండు పోయింది. దాన్ని తిరిగి తెచ్చుకునేసరికి ఆదివారం గడిచిపోయింది.

కొత్తది వేసే ముందు ఆ ఐదింటినీ తీసెయ్యి. డివైస్ మేనేజర్‌లో అన్‌ఇన్‌స్టాల్ నొక్కినప్పుడు డ్రైవర్‌ను కూడా తొలగించమని అడిగే గడి కనిపిస్తే టిక్కు పెట్టు. తరువాత రీస్టార్టే చెయ్యి. షట్‌డౌన్ చేసి మళ్లీ వేస్తే, ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ పాత స్థితిలో కొంత దాచుకుని లేస్తుంది.

డివైస్ మేనేజర్‌లో కార్డు ఊసే లేకపోతే మాత్రం డ్రైవర్ల వేట ఆపెయ్యి. మీ ఇంట్లో దుమ్ము దులపడానికి పెట్టె విప్పారన్నావు కదా, నా అనుమానం అక్కడే. ప్లగ్గు పీకి, పెట్టె ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని, కార్డును తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టు. వెనక ఏంటెన్నాలు బిగించి ఉన్నాయో లేదో కూడా చూడు. అవి లేకపోతే రౌటరు పక్క గదిలో ఉన్నా సిగ్నల్ సరిగా అందదు. డ్రైవర్ ఎక్కాక పాత కార్డుకు రౌటరు 5 గిగాహెర్ట్జ్ వై-ఫై పేరు కనిపించకపోతే కంగారు పడకు. 2.4 మాత్రమే తెలిసిన కార్డులు చాలా ఉన్నాయి, వాటికి ఏ డ్రైవరూ 5 నేర్పలేదు.

ఇంత చేసినా రాకపోతే ‘మామయ్యా, రావడం లేదు’ అని ఫోను చేయకు. ఆ హార్డ్‌వేర్ ఐడీ వరుసను ఫోటో తీసి పంపు.

మీ మామయ్య