నది సముద్రంలో కలిసే చోట, నీళ్ల నడుమ లైట్‌హౌస్ ఎందుకు కడతారు?

కడపలో మనకు సముద్రం దూరమే గానీ, పెన్నలో ఇసుక మేటలు కొత్త కాదు. నది మోసుకొచ్చిన ఇసుక ముఖద్వారం దగ్గర నీళ్ల కింద అలాగే దిబ్బలు కడుతుంది. ఓడలకు అసలు గండం అక్కడే. ఒడ్డు దూరంగా ఉంటే అక్కడి దీపం సరిపోదు, అందుకే నీళ్లలోనే కడతారు.

ఫ్రాన్స్‌లోని కోర్దువాన్ లైట్‌హౌస్ ఇలాంటిదే. బోర్డో రేవుకు వెళ్లాలంటే జిరోండ్ ముఖద్వారంలో దాన్ని దాటాలి. 1584లో మొదలైన పని 1611కు గానీ పూర్తి కాలేదు. కట్టడం మొదలుపెట్టిన లూయీ ద ఫువా అప్పటికే చనిపోయాడు. మన నాపరాయి లాగే అదీ సున్నపురాయే. లోపల చర్చి, రాజుగారికని ఓ గది కూడా ఉన్నాయి. దీపస్తంభంలో ఇంత ఆర్భాటం ఎందుకో!

మొదట్లో పైన కట్టెలు మండించేవారు. అసలు మలుపు 1823లో, ఫ్రెనెల్ లెన్స్‌ను మొట్టమొదట ఇక్కడే అమర్చినప్పుడు వచ్చింది. మెట్లుమెట్లుగా పేర్చిన గాజు ముక్కలు, నలువైపులా చెదిరిపోయే వెలుతురును వంచి సముద్రం వైపు ఒకే ధారగా పంపుతాయి. దాంతో నూనె దీపం కూడా చాలా దూరం కనిపించింది. 2006లో దీపం ఆటోమేటిక్ అయింది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది.