డిస్కు చదవకపోతే ముందు నకలు తియ్యి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పాత బ్యాకప్ డిస్కులు కొన్నింటిని కంప్యూటర్ చదవడం లేదనీ, మీ నాన్న దాచిన ఫొటోలూ లెక్కలూ అందులోనే ఉన్నాయనీ రాశావు. కంగారు పడకు. డిస్కు చదవడం లేదన్నంత మాత్రాన అందులోని సమాచారం పోయినట్టు కాదు. చాలాసార్లు ఫైళ్లలో ఎక్కువ భాగం పదిలంగానే ఉంటుంది, వాటిని బయటికి తీసేటప్పుడు మనం పడే తొందరే వాటికి చేటు చేస్తుంది. అందుకని ఒక్క మాట గట్టిగా పట్టుకో. దెబ్బతిన్న డిస్కు నుంచి ఫైళ్లను నేరుగా కాపీ చేయబోకు. ముందు డిస్కు మొత్తానికి ఇమేజ్ ఫైలుగా ఒక నకలు తీసుకుని, ఆ తరువాత ఏ ప్రయత్నమైనా ఆ నకలు మీదే చెయ్యి.

డిస్కు కంటే ముందు డ్రైవ్‌ను అనుమానించాలి. బాగా చదువుతుందని నీకు తెలిసిన ఒక సీడీనీ, ఒక డీవీడీనీ అందులో పెట్టి చూడు. సీడీని చదివే లేజర్ 780 నానోమీటర్లది, డీవీడీని చదివేది 650 నానోమీటర్లది కాబట్టి, ఒకటి బలహీనపడినా రెండోది చక్కగా పనిచేసే డ్రైవ్‌లు ఉంటాయి. యూఎస్‌బీ డ్రైవ్ అయితే హబ్‌కు కాకుండా కంప్యూటర్‌కే నేరుగా తగిలించు. కరెంటు చాలనప్పుడు డిస్కు తిరగడం మొదలుపెట్టి ఆగిపోతుంది, చూసేవాళ్లకు తప్పంతా డిస్కుదేననిపిస్తుంది. వీలైతే వేర్వేరు కంపెనీల డ్రైవ్‌లు మరో రెండు అరువు తెచ్చుకో, ఎందుకంటే ఒక డ్రైవ్ ఎంతకూ పట్టుకోలేని చోటును మరొకటి సునాయాసంగా చదవడం ఈ పనిలో తరచూ జరిగేదే. ఆ డిస్కులను రైట్ చేసిన పాత కంప్యూటర్ ఎక్కడైనా మూలన పడి ఉంటే దాని డ్రైవ్‌ను తప్పకుండా ప్రయత్నించు. ఫైనలైజ్ చేయకుండా, అంటే రాయడం ముగిసిందని డిస్కును మూసివేయకుండా వదిలేసిన డిస్కులను కొన్నిసార్లు వాటిని రాసిన డ్రైవ్ మాత్రమే గుర్తిస్తుంది.

ఇక డిస్కును చేతిలోకి తీసుకుని, అంచు పట్టుకుని, దీపానికి అడ్డంగా పెట్టి చూడు. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. అందులో సమాచారం ఉండే పొర కింది వైపు కాక, పేరు రాసే పై వైపు, పలుచటి వార్నిష్ కిందే ఉంటుంది. అందువల్ల మెరిసే వైపు గీతలు చూసి అందరూ బెదురుతారు గానీ, నిజమైన ప్రమాదం పై వైపు గీతలదే. వెలుతురు సూదిమొనంత చుక్కలుగా ఇవతలికి కనిపిస్తే అక్కడ మెరుపు పొర రాలిపోయిందని అర్థం. ఆ చోట ఉన్న సమాచారాన్ని ఏ సాఫ్ట్‌వేరూ, ఏ ల్యాబూ తిరిగి తేలేవు. డీవీడీ అలా కాదు, 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికించి మధ్యలో సమాచారం దాచి ఉంచుతారు కాబట్టి పై గీతలను బాగానే తట్టుకుంటుంది, కానీ ఆ అతుకు ఊడితే కష్టం. మధ్య రంధ్రం దగ్గర పగులు కనిపించిన డిస్కును మాత్రం డ్రైవ్‌లో పెట్టనే వద్దు. 52 రెట్ల వేగంతో తిరిగే సీడీ డ్రైవ్‌లో డిస్కు నిమిషానికి సుమారు 10,000 చుట్లు తిరుగుతుంది, ఆ వేగంలో పగిలిన డిస్కు ముక్కలైతే డ్రైవ్ కూడా పోతుంది.

తుడవడంలో ఓపిక అవసరం. ముందు గాలి ఊది దుమ్ము రాల్చు. తరువాత నూగు రాలని మెత్తటి గుడ్డను డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి, రంధ్రం దగ్గర మొదలుపెట్టి అంచు దాకా తిన్నగా తుడువు. గుండ్రంగా తుడవకు. సమాచారం గుండ్రటి బాటలోనే నడుస్తుంది, కాబట్టి ఆ దిశలో పడిన గీత వరసగా ఉన్న సమాచారాన్నంతా కప్పేస్తుంది. అడ్డంగా పడిన గీతను డిస్కులోని తప్పులు సవరించే ఏర్పాటు సులువుగా సర్దుకుంటుంది. వేలిముద్రల జిడ్డు నీటికి పోకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడవచ్చు. థిన్నర్, పెట్రోల్, అసిటోన్ జోలికి వెళ్లకు, అవి ప్లాస్టిక్‌ను తినేస్తాయి. టూత్‌పేస్టుతో, పాలిష్‌తో గీతలు అరగదీయమని ఎవరైనా చెబితే, నకలు తీయడం పూర్తయ్యేదాకా ఆ మాట పక్కన పెట్టు. బ్లూ-రే డిస్కుకైతే ఎప్పటికీ వద్దు, దానిలో సమాచారం చదివే వైపు ఉపరితలానికి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. విండోస్‌లో మామూలుగా కాపీ చేయబోతే చదవలేని మొదటి చోటే కంప్యూటర్ మొండికేస్తుంది. డ్రైవ్ గుర్రుమంటూ వేగం పెంచుతూ తగ్గిస్తూ అక్కడే తచ్చాడుతుంది, చివరికి సైక్లిక్ రిడండెన్సీ చెక్ అని తప్పు చూపించి కాపీ ఆగిపోతుంది. బాగున్న మిగతా భాగం చదవకుండానే డిస్కునూ డ్రైవ్‌నూ అలా అలసిపోనిస్తాం. దీనికి లైనక్స్‌లో దొరికే జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ మేలైన మందు. పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్ బూట్ చేసి కూడా దాన్ని వాడవచ్చు. అది ముందుగా సులువుగా వచ్చే భాగాలన్నీ తీసుకుని, మొరాయించే చోట్లను గుర్తు పెట్టుకుని దాటిపోతుంది. ఆ గుర్తులన్నీ మ్యాప్ ఫైలు అనే చిన్న ఫైలులో రాసుకుంటుంది. బ్లాక్ పరిమాణం 2048 బైట్లని చెప్పడం మరచిపోవద్దు, డేటా సీడీ, డీవీడీల సెక్టారు, అంటే డిస్కులో సమాచారాన్ని విడగొట్టి రాసే చిన్న ముక్క, కొలత అది. మొదటి విడత మొండి చోట్లను పట్టుపట్టి చదవబోకుండా వదిలేయమని చెప్పు. అది ముగిశాక రెండో విడతలో ఆ చోట్లను మాత్రం రెండు మూడుసార్లు మళ్లీ ప్రయత్నించమని చెప్పు, ఆ తరువాత వెనుక నుంచి ముందుకు చదివించి చూడు. డ్రైవ్ వేగాన్ని తగ్గించగలిగితే తగ్గించు, నెమ్మదిగా తిరిగినప్పుడు చదవగలిగే చోట్లు ఎన్నో ఉంటాయి.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చేది మ్యాప్ ఫైలే. ఒక డ్రైవ్‌లో సాధ్యమైనంత తీశాక డిస్కును రెండో డ్రైవ్‌లో పెట్టి, అదే ఇమేజ్‌నూ అదే మ్యాప్ ఫైలునూ ఇస్తే, అది మిగిలిపోయిన ఖాళీలను మాత్రమే పూరిస్తుంది. మీ నాన్న ఒకే డిస్కుకు అచ్చంగా అలాంటిదే మరో కాపీ రాసి ఉంచి ఉంటే నీ అదృష్టం. రెండింటిలోనూ ఒకే చోట దెబ్బ తగలడం అరుదు, కాబట్టి మొదటిదాని ఖాళీలను రెండోదానితో నింపవచ్చు. అయితే రెండూ ఒకే ఇమేజ్ నుంచి రాసినవై ఉండాలి. పేర్లు ఒకటే కదా అని వేర్వేరు రోజుల్లో విడివిడిగా తయారు చేసిన డిస్కులను ఇలా కలిపితే రెండూ కలగాపులగమవుతాయి.

చివరకు కొన్ని సెక్టార్లు రాకపోయినా నిరాశపడకు. 80 నిమిషాల సీడీలో 3,60,000 సెక్టార్లుంటాయి, వాటిలో వెయ్యి పోయినా నష్టం రెండు మెగాబైట్లే. డీవీడీలో తప్పుల సవరణ 16 సెక్టార్ల కట్టగా జరుగుతుంది కనుక అక్కడ నష్టం 32 కిలోబైట్ల చొప్పున కనిపిస్తుంది. కొన్ని సీడీల చిట్టచివర రెండు సెక్టార్లు ఎప్పటికీ చదవబడవు. అవి రైట్ చేసే పద్ధతి వల్ల మిగిలినవి, వాటిలో నీ ఫైళ్లేమీ ఉండవు. ఏ ఫైళ్లు దెబ్బతిన్నాయో తెలుసుకోవాలంటే, ఇమేజ్‌కు ఇంకొక కాపీ తీసి, ఆ కాపీలో చదవని సెక్టార్లన్నింటినీ ఏదైనా గుర్తుమాటతో నింపమని డీడీరెస్క్యూకు చెప్పి, తరువాత ఫైళ్లలో ఆ మాటను వెతుకు. మాట దొరకని ఫైళ్లు సురక్షితమైనవే. ఫొటోలో అలాంటి ఖాళీ పడితే పై భాగం చక్కగా ఉండి, కింది భాగం బూడిదరంగుగానో రంగులు పక్కకు జరిగినట్టుగానో కనిపిస్తుంది. టెక్స్ట్ ఫైలులో కొన్ని వాక్యాలే పోతాయి.

డిస్కు ఖాళీగా కనిపిస్తే అది వేరే సమస్య. పలు విడతలుగా రాసిన డిస్కులో చివరి సెషన్, అంటే చివరి విడత రాసిన భాగం, దెబ్బతింటే అంతకు ముందు సెషన్లలోని ఫైళ్లు కనిపించకుండా పోతాయి. ఫ్లాపీలాగా ఎప్పటికప్పుడు ఫైళ్లు లాగి పడేసే ప్యాకెట్ రైటింగ్ పద్ధతిలో రాసినవి, ఫైళ్లు ఎక్కడున్నాయో చూపే యూడీఎఫ్ అనే అమరిక పాడైతే మొత్తానికే ఖాళీ అనిపిస్తాయి. ఇలాంటి చోట విండోస్‌లో ఐసోబస్టర్ అనే ప్రోగ్రామ్ బాగా పనికొస్తుంది, ప్రతి సెషన్‌నూ విడివిడిగా తెరిచి చూపిస్తుంది. ఫైళ్ల పట్టికే మిగలకపోతే ఇమేజ్ మీద ఫోటోరెక్ అనే ప్రోగ్రామ్ నడిపించు. అది ఫైలు రూపురేఖలను బట్టి ఫొటోలనూ డాక్యుమెంట్లనూ ఏరి తెస్తుంది, పాత పేర్లూ ఫోల్డర్లూ మాత్రం రావు.

లెక్కల డిస్కుల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. అవి బ్యాకప్ ప్రోగ్రామ్ కుదించి రాసిన పెద్ద ఫైలులో ఉంటే చిన్న ఖాళీ కూడా ఆ తరువాతి భాగాన్నంతా తెరవనివ్వకపోవచ్చు. బీకేఎఫ్ ఫైళ్లయితే విండోస్ ఎక్స్‌పీ కాలపు బ్యాకప్ ప్రోగ్రామ్ రాసినవి. ఒకే బ్యాకప్ పలు డిస్కుల మీద పరచుకుని ఉంటే ఆ వరసలో ఒక్క డిస్కునూ వదలకుండా అన్నింటికీ ఇమేజ్ తీశాకే తెరవడానికి ప్రయత్నించు. ఫైళ్ల పట్టిక చివరి డిస్కులో ఉండే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి, దాని మీద ఎక్కువ సమయం వెచ్చించు. జిప్ ఫైలు పట్టిక కూడా చివరే ఉంటుంది, అది పోతే జిప్ ప్రోగ్రామ్‌లోని మరమ్మతు సదుపాయం ఉన్నంత మేరకు ఏరి ఇస్తుంది.

ఇప్పటికి బాగానే చదువుతున్న డిస్కులను కూడా ఈ వారంలోనే ఇమేజ్‌లుగా మార్చి రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో పెట్టు, చెక్‌సమ్‌లు, అంటే ఫైలు మారిందో లేదో తరువాత పోల్చి చూసుకునే సంఖ్యలు, లెక్కించి పక్కనే దాచు. రైట్ చేసే డిస్కుల్లోని రంగు పొర ఎండకూ వేడికీ క్రమంగా పాడవుతుంది, బయటికి ఏమీ కనిపించదు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 2003లో ఇచ్చిన మార్గదర్శిలో డిస్కులను నిలువుగా, చల్లని, పొడి, చీకటి చోట పెట్టమనే చెప్పింది. ఫైళ్లను ఒక్కొక్కటిగా తెరిచి చూసేదాకా పాత డిస్కులు పారేయవద్దు. అన్నింటికీ రెండో విడత ముగిశాక మ్యాప్ ఫైళ్లు నాకు పంపు. అవి చూసి, ఏ డిస్కును ఇంకొక డ్రైవ్‌లో ప్రయత్నించాలో, దేన్ని ఇక వదిలేయాలో చెబుతాను.

నీ పెదనాన్న