వేరుశనగలో ఎర్ర గొంగళి పురుగు కనబడకుండా పోతే బెడద తీరినట్టేనా?

ప్రశ్న: మాది కదిరి ప్రాంతం. ఎర్రనేలలో వర్షాధారంగా వేరుశనగ వేశాను. జులైలో ఎర్ర గొంగళి పురుగులు దండుగా వచ్చి ఆకంతా తినేశాయి. రెండుసార్లు మందు కొట్టినా పెద్ద పురుగులు చావలేదు. ఆగస్టు చివరికి వాటంతట అవే కనబడకుండా పోయాయి. నిరుడు ఈ పొలం బీడుగానే ఉంది, వేసవిలో పచ్చని ఆకు ఒక్కటీ లేదు. అయినా వానలు మొదలవగానే ఇన్ని పురుగులు ఎక్కడి నుంచి వచ్చాయి? వానతోపాటే పడతాయని కొందరు అంటున్నారు. వచ్చే ఏడు రాకుండా ఇప్పుడు చేయదగిన పని ఏమైనా ఉందా?
– ఒక రైతు, శ్రీ సత్యసాయి జిల్లా

జవాబు: పురుగులు కనబడడం లేదు కాబట్టి బెడద తీరిందని అనుకోకండి. బాగా ఎదిగిన గొంగళి పురుగులు మీ గట్ల వెంబడి, చెట్ల నీడన మట్టిలోకి దిగి కోశస్థ దశకు, అంటే రెక్కల పురుగుగా మారే ముందు పెంకు లాంటి కోశంలో ఉండే దశకు, చేరాయి. వచ్చే తొలకరి దాకా, అంటే దాదాపు పది నెలల పాటు, మేత గానీ నీరు గానీ లేకుండా అక్కడే ప్రాణాలతో ఉంటాయి. నిరుడు మీ పొలం బీడుగా ఉన్నా అందులోని కలుపు మొక్కల మీద పెరిగినవీ, పక్క చేలలో పెరిగి మీ గట్లలోకి చేరినవీ ఈ ఏటి వానకు బయటపడ్డాయి. చుట్టుపక్కల చేలలో పుట్టిన రెక్కల పురుగులు కూడా మీ చేలోకి వచ్చి గుడ్లు పెట్టి ఉంటాయి. వానతో పురుగు పడదు, వానకు మట్టిలోంచి లేస్తుంది.

ఇంత కాలం ఆహారం లేకుండా బతకడం ఎలా సాధ్యమో తెలుసుకుంటే నివారణ పనులను ఏ వేళకు చేయాలో మీకే అర్థమవుతుంది. కోశంలోని పురుగు రెక్కల పురుగుగా మారాలంటే మెదడు నుంచి వెలువడే హార్మోను రొమ్ము భాగంలోని గ్రంథులను ప్రేరేపించాలి, ఆ గ్రంథుల నుంచి ఎక్‌డైసోన్ అనే మరో హార్మోను విడుదల కావాలి. నిద్రావస్థలో ఉన్న కోశంలో ఈ ప్రేరణ నిలిచిపోతుంది కనుక ఎదుగుదల ఉన్నచోటే ఆగిపోతుంది, శ్వాసక్రియ చాలా తక్కువ స్థాయికి పడిపోతుంది, మీ వేరుశనగ ఆకు తిని ఒంట్లో దాచుకున్న కొవ్వు నెలల తరబడి సరిపోతుంది. కోశం పైపొర మీద మైనం వంటి పూత ఉండడం వల్ల లోపలి తేమ బయటికి పోదు. పైగా జానెడు లోతున, చెట్టు నీడన ఉన్న మట్టి, ఏప్రిల్, మే నెలల్లో కూడా పైమట్టి అంతగా కాగదు. పురుగు గట్లనూ చెట్ల మొదళ్లనూ వెతుక్కుంటూ పోవడానికి కారణం ఇదే.

నమ్మకం కుదరకపోతే చేని గట్టున ఉన్న వేప చెట్టు కిందనో చింత చెట్టు కిందనో పారతో 10 నుంచి 20 సెంటీమీటర్ల లోతు వరకు మట్టిని నెమ్మదిగా తిరగేసి చూడండి. చిన్న మట్టిగూళ్లలో ముదురు గోధుమ రంగులో, నున్నగా, సుమారు అంగుళం పొడవున్న కోశాలు దొరుకుతాయి. ఒకదాన్ని వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా నొక్కినప్పుడు తోక వైపు కణుపులు అటూ ఇటూ కదిలితే లోపల పురుగు బతికే ఉంది. తేలికగా, పెళుసుగా ఉండి ఏ కదలికా లేనిది చచ్చినదని తెలుసుకోవచ్చు.

తొలకరిలో గట్టి వాన పడి మట్టి లోపలిదాకా తడిసిన తర్వాత, రోజుల వ్యవధిలో, పొద్దుగూకే వేళ రెక్కల పురుగులు బయటికి వస్తాయి. ముందు రెక్కలు తెల్లగా, గోధుమ రంగు చారలతో, అంచున పసుపు గీతతో ఉంటాయి. తల్లి పురుగు ఆకుల అడుగున, కలుపు మొక్కల మీద గుంపులు గుంపులుగా వందల సంఖ్యలో గుడ్లు పెడుతుంది, మూడు నాలుగు రోజుల్లో అవి పొదుగుతాయి. వాన రాక ఏటేటా మారే మన ప్రాంతంలో తేదీని నమ్ముకున్న పురుగు బతకలేదు. ఈ పురుగు వాననే గుర్తుగా పెట్టుకుంది కాబట్టి లేత ఆకు మొలకెత్తే వేళకే దాని పిల్లలు కూడా పుడుతున్నాయి.

మందు పనిచేయకపోవడానికి కారణం మందు కాదు, కొట్టిన సమయం. చిన్న పురుగులు మొదటి కొద్ది రోజులు ఒకే ఆకు మీద గుంపుగా ఉండి పత్రహరితాన్ని గీకి తింటాయి, ఆకు కాగితంలా తెల్లబడుతుంది. ఆ దశలో ఆకును తెంచి నలిపేస్తే వందల పురుగులు ఒక్కసారే పోతాయి. ఆకులు ఏరడం సాధ్యం కానప్పుడు లీటరు నీటికి 2 మి.లీ. క్వినాల్‌ఫాస్ కలిపి పిచికారీ చేయవచ్చు. ఒళ్లంతా దట్టంగా రోమాలు పెరిగిన తర్వాత మందు చుక్క చర్మాన్ని చేరడం కష్టం, చాలా పక్షులు కూడా ఆ రోమాలకు జంకి వాటిని ముట్టవు. చాతక పక్షి మాత్రం ఇందుకు భిన్నం. అది రోమాలున్న గొంగళి పురుగులను ఇష్టంగా తింటుంది కనుక చేని దగ్గర కనిపిస్తే బెదరగొట్టకండి. అలాగే కొమ్మలకు తలకిందులుగా వేలాడుతూ నల్లబడి చచ్చిన గొంగళి పురుగులు కనిపిస్తే అవి వైరస్ సోకి చనిపోయినవి. వాటిని తీసివేయకుండా వదిలేస్తే మిగిలిన పురుగులకు కూడా ఆ జబ్బు అంటుకుంటుంది.

ఇక వచ్చే ఏటి సంగతి. చేని నడుమ మాత్రమే దున్నితే పెద్దగా ఫలితం ఉండదు, ఎందుకంటే కోశాలు ఎక్కువగా ఉండేది గట్ల వెంబడీ చెట్ల కిందా. పంట పీకిన తర్వాత మట్టిలో పదును ఉండగానే ఒకసారి, వేసవి జల్లు పడ్డ వెంటనే మరోసారి, లోతుగా దున్నించండి. నాగలి పోని చోట పారతో తిరగేయండి. పైకి తేలిన కోశాలు కొన్ని ఎండకు మాడిపోతాయి, కొన్నింటిని కాకులు, గోరింకలు, కొంగలు ఏరుకు తింటాయి.

తొలి గట్టి వాన పడ్డ సాయంత్రం నుంచి కొన్ని రోజుల పాటు రాత్రి 7 గంటల నుంచి 11 గంటల దాకా ఊరి రైతులందరూ కలిసి దీపపు ఎరలు పెట్టాలి, లేదా చేల మధ్య మంటలు వేయాలి. రెక్కల పురుగుకు గట్టు హద్దు కాదు కనుక ఒక్కరు చేస్తే చాలదు. రైతు సేవా కేంద్రం సిబ్బందితో మాట్లాడి ఊరంతా ఒకే రాత్రి మొదలుపెట్టేలా చూడండి. చేని చుట్టూ అలసంద, ఆముదం సాళ్లు వేసుకుంటే గుడ్లు ముందు వాటి మీదే కనబడతాయి, ఏరడం సులువవుతుంది.

ఇంత చేసినా పెద్ద పురుగులు పక్క చేల నుంచి నడిచి వస్తుంటే, అవి వచ్చే వైపు అడుగు లోతున నిటారు గోడల కందకం తవ్వి, గట్ల మీద జిల్లేడు కొమ్మలు పడేయండి. కొమ్మల కింద చేరిన పురుగులను తెల్లవారుజామునే ఏరి కిరోసిన్ కలిపిన నీళ్లలో వేయాలి. చేతులకు గుడ్డ చుట్టుకోండి, రోమాలు తగిలితే దురద పుడుతుంది. మందు కొట్టిన చేలోని ఆకునూ కట్టెనూ డబ్బా మీద రాసిన గడువు ముగిసేదాకా పశువులకు మేపకండి.