అమ్మలూ, ఆ తీగను మాత్రం నిప్పు మీద పెట్టకు

అమ్మలూ,

ఆఖరి సంవత్సరం ప్రదర్శనకు లోహపు రింగులతో గొలుసు కవచం అల్లబోతున్నావనీ, దాన్ని బొమ్మకు తొడగకుండా నువ్వే వేసుకుని నడుస్తానన్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆమె గొంతు నిండా కంగారే. మీ నాన్న మాత్రం విని ఏమీ మాట్లాడలేదట. వాడెందుకు మాట్లాడలేదో నాకు తెలుసు. నీకు తెలియదు. ఈ ఉత్తరం ముఖ్యంగా అందుకే రాస్తున్నాను.

దానికంటే ముందు ఒకటి చెప్పనీ. నాకు చాలా గర్వంగా ఉందమ్మా. టూల్‌రూంలో ఫిట్టరుగా చేసి రిటైరైన దగ్గర్నుంచి నా ప్లయర్లు, ఆకురాళ్ళు, వెర్నియర్ ఎవరి చేతిలో పెట్టాలా అని చూస్తున్నాను. ఇంట్లో పిల్లలందరూ కంప్యూటర్ల వైపు వెళ్ళిపోయారు. తీగ పట్టుకుంటానన్నదానివి నువ్వొక్కదానివే.

నీకు తెలిసిన సంగతులు ముందు గబగబా చెప్పేస్తాను. తీగ కత్తిరించేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకో, తెగిన ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేం. జుట్టు ముడి వేసుకో, చున్నీ తీసెయ్. డ్రిల్లు మిషనుతో కడ్డీ మీద తీగ చుడితే వేగం బాగా తగ్గించు. తిరిగే మిషను దగ్గర చేతులకు గ్లౌజులు వద్దు, గుడ్డ చిక్కిందంటే వేలినీ లాక్కుపోతుంది. చుట్ట అయిపోవచ్చేసరికి తీగ చివర కొరడాలా తిరిగి కొడుతుంది, అప్పుడు మొహం పక్కకు పెట్టుకో. ఇంతే.

ఇక కొలతలు. 16 గేజి తీగ అంటే మందం 1.6 మి.మీ. దాన్ని 8 మి.మీ. కడ్డీ మీద చుట్టు. లోపలి వ్యాసాన్ని తీగ మందంతో భాగిస్తే 5 వస్తుంది. ఒక్కో రింగులో నాలుగు రింగులు దూరే మామూలు అల్లికకు అది సరైన లెక్క. 4కి తగ్గితే అల్లిక బిర్రబిగుస్తుంది. 6 దాటితే వదులైపోయి రింగులు నోళ్ళు తెరుస్తాయి. చుట్టను కడ్డీ నుంచి తీయగానే అది కొంచెం విప్పారుతుంది కాబట్టి కడ్డీ కొలతను నమ్మకుండా రింగునే కొలిచి చూసుకో. రింగు తెరిచేటప్పుడు రెండు చివరలనూ ఎడంగా లాగితే గుండ్రం పోతుంది. ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు తిప్పాలి. మూసేటప్పుడు చివరలను కొంచెం లోపలికి నొక్కుతూ, ఒకదాన్నొకటి రవ్వంత దాటించి వెనక్కు తీసుకురా. అప్పుడు సందు లేకుండా కలుస్తాయి. నువ్వు వేసుకునే బట్ట ఇది. సందున్న ప్రతి రింగూ జాకెట్టు దారాన్నో, మెడ మీది వెంట్రుకనో పట్టుకుంటుంది.

ఇప్పుడు తీగ సంగతి. నెమ్మదిగా చదువు.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఏ హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళి 16 గేజి తీగ అడిగినా ముందు జీఐ వైరే తెచ్చి చూపిస్తారు. చవక, తెల్లగా మెరుస్తుంది, త్వరగా తుప్పు పట్టదు. ఆ మెరుపు జింకు పూత. మీ నాన్న వాడింది అదే.

అప్పటికి వాడింకా కాలేజీలో ఉన్నాడు. శ్రీరామనవమి పందిట్లో చరిత్ర నాటకం వేస్తున్నారు, వాడికి సేనాధిపతి వేషం. అద్దెకు తెచ్చిన డ్రెస్సుల పెట్టెలో కవచం పేరుతో ఉన్నది లావు దారంతో అల్లి వెండి రంగు కొట్టిన బనీను. సినిమాల్లో కూడా వెనకాల నిలబడే సైనికులకు అలాంటివి వేస్తారు, అందులో తప్పులేదు. వాడికి మాత్రం నచ్చలేదు. నడిస్తే చప్పుడు రావాలన్నాడు. పొలం కంచెకు తెచ్చిన జీఐ తీగ మిగిలి ఉంటే, అరుగు మీద కూర్చుని ఇనుప కడ్డీకి చుట్టి, కత్తిరించి, ఎవరూ నేర్పకుండానే ఛాతీ మేరకు అల్లేశాడు. వాడి చేతి పని ఎంత బాగుండేదో నువ్వు చూడలేదు. ఇప్పుడు వాడు మేకు కూడా కొట్టడు.

అల్లిక అయ్యాక మెరుపు ఎక్కువైందనిపించింది. యుద్ధాలు చూసిన కవచం నల్లగా ఉండాలి కదా. నాటకం వాళ్ళలో ఎవరో నిప్పుల్లో కాలిస్తే తెలుపు పోతుందన్నారు. మాట నిజమే, పోతుంది. వాడు బొగ్గులూ, చేత్తో తిప్పే బ్లోయరూ అడిగి తెచ్చుకుని, నాటకం రోజు దాకా ఎవరికీ తెలియకూడదని రాత్రిపూట మన పాత పాకలో తలుపు వేసుకుని కూర్చున్నాడు. నిప్పుల్లోంచి తెల్లటి పొగ లేచి, దూది పింజల్లాంటివి గాల్లో తేలుతుంటే చూడటానికి చాలా బాగుందని తర్వాత నాతో చెప్పాడు. అవి తేలుతున్నంతసేపూ వాడు పీలుస్తూనే ఉన్నాడు.

పండక్కి సెలవు పెట్టి నేను తెల్లవారుజామున ఊళ్ళో దిగేసరికి వాడు రెండు దుప్పట్ల కింద పళ్ళు టకటకలాడిస్తూ వణుకుతున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. గుండెలు పట్టేశాయి, దగ్గు, తీరని దాహం. నోరంతా ఏదో లోహం రుచిగా ఉందని పదేపదే ఉమ్ముతున్నాడు. మీ నాయనమ్మ మలేరియా అనుకుని కషాయం కాస్తోంది. ఆర్ఎంపీ డాక్టరు వచ్చి మలేరియా మందే ఇచ్చాడు. పాకలో ఏం చేశాడో వాడు డాక్టరుకు చెప్పలేదు, నాయనమ్మకూ చెప్పలేదు. కంచె తీగ పాడుచేశానని తాతయ్య తిడతాడని భయం. ఊపిరి అందక మంచం పట్టె పట్టుకుని కూర్చుని కూడా చెప్పలేదమ్మా. నేను పాకలోకి వెళ్ళి బూడిద మీద తెల్లటి పొడీ, పక్కన నల్లబడ్డ రింగులూ చూశాక అప్పుడు తెలిసింది. రిక్షా కట్టించుకుని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళాం. మర్నాటికి జ్వరం దిగింది. ఆ వేషం ఇంకొకరు వేశారు. ఆ రింగులను నాయనమ్మ చెరువులో పారేయించింది. ఆ తర్వాత మీ నాన్న తీగ ముట్టుకోలేదు.

జింకు 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 907 డిగ్రీల దగ్గర మరిగి ఆవిరవుతుంది. ఊదిన బొగ్గుల వేడికి అదెంతో కాదు. ఆ ఆవిరి గాలి తగలగానే తెల్లటి జింక్ ఆక్సైడ్ పొగగా మారుతుంది. పీల్చినప్పుడు ఏమీ తెలియదు. కొన్ని గంటలు గడిచాకే వణుకు మొదలవుతుంది. ఇత్తడి పోత పోసేవాళ్ళకీ, జీఐ పైపులు వెల్డింగు చేసేవాళ్ళకీ ఈ జ్వరం బాగా తెలుసు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. పాలు తాగితే విరుగుడనే మాట ప్రతి షెడ్డులోనూ వింటావు. దాన్ని నమ్ముకుని పొగలో కూర్చోకు. నా భయమంతా ఇంకొకటి. కొన్ని సామాన్లకు జింకు బదులు కాడ్మియం పూత ఉంటుంది. చూస్తే తేడా తెలియదు. దాని పొగ ఊపిరితిత్తులను ప్రాణం పోయేంతగా పాడుచేస్తుంది. అందుకని పూత ఉన్న ఏ తీగనూ వేడి చేయకు. మెత్తబరచడానికి వద్దు, రంగు మార్చడానికి వద్దు, గ్యాసు పొయ్యి మీద ఒక్క రింగు చూద్దామనీ వద్దు. పూత తీయడానికి యాసిడ్‌లో వేయమని ఎవరైనా చెబితే అదీ వద్దు. హాస్టల్ బాత్‌రూంలో యాసిడ్ బకెట్టు ఊహించుకుంటేనే నాకు చేతులు చల్లబడుతున్నాయి. ఒకవేళ పొరపాటున ఏదైనా చేసినా దాచకు. ఎవరూ తిట్టరు. అర్ధరాత్రయినా ఫోన్ చెయ్.

మరి ఏ తీగ కొనాలి? ఇంటి స్లాబుకు కడ్డీలు కట్టే నల్ల బైండింగ్ వైరు చాలా మెత్తన, దానితో అల్లితే రింగులు విచ్చుకుపోతాయి. 304 స్టెయిన్‌లెస్ స్టీలు గట్టిది, అందంగా ఉంటుంది, కానీ చుట్టుకొద్దీ ఇంకా గట్టిపడి మణికట్లను తినేస్తుంది. లెక్క వేసి చూశాను. నడుము దాకా చేతుల్లేని జాకెట్టుకు పదిహేను వేల రింగుల దాకా పడతాయి, 450 మీటర్ల తీగ. ఉక్కుతో అయితే 7 కిలోలు, అల్యూమినియంతో అయితే రెండున్నర. నువ్వు మెట్లు దిగాలి, నడవాలి, నవ్వాలి. అల్యూమినియం తీసుకో. పూత లేని అల్యూమినియం రుద్దుకున్నచోటల్లా నల్లగా అంటుతుంది కాబట్టి అల్లడం పూర్తయ్యాక సబ్బు నీళ్ళలో నీళ్ళు తేటగా వచ్చేదాకా కడుగు. ఇత్తడి, రాగి అంచుకు బాగుంటాయి కానీ చెమటకు ఒంటి మీద పచ్చ మరకలు పడతాయి. నికెల్ పూత ఉన్నది అసలే వద్దు. చిన్నప్పుడు తిరణాల దుద్దులు పెట్టినప్పుడల్లా నీ చెవులు పుండ్లు పడి రసి కారేవి, నీకు గుర్తుండదు. నా ఒళ్ళో కూర్చోబెట్టుకుని కొబ్బరినూనె రాసింది నేనే.

1966లో పారిస్‌లో పాకో రబాన్ లోహపు పలకలూ రింగులతో దుస్తులు చూపించాడని మీ మాస్టార్లు చెప్పే ఉంటారు. ఆయన సూది వదిలి ప్లయర్లు పట్టుకున్నాడు. అది చూడు, కాదనను. అయితే తీగ కొనేముందు ఒక పూట సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళు. జనమంతా గంట కొట్టే గడియారం దగ్గరుంటారు, నువ్వు ఆయుధాల గదిలోకి పో. కవచం మెడ దగ్గర, చంక దగ్గర ఎలా మలిచారో చూడు, నీకు పనికొచ్చేది అదే. దక్కనులో ఈ పని చేసినవాళ్ళు చిన్నవాళ్ళు కారు. రింగు చివరలు చదును చేసి, ఒకదాని మీదొకటి పెట్టి, కన్నం పొడిచి రివెట్టు కొట్టేవాళ్ళు. కొన్నింటిలో రింగుకు అడ్డంగా సన్నటి కమ్మీ కూడా ఉంటుంది. ఛాతీ దగ్గర ఉక్కు పలకలను అల్లికలోనే కలిపేవాళ్ళు. 1689 ప్రాంతంలో మన ఆదోని కోట ఆయుధాగారం నుంచి బికనేరు మహారాజు అనూప్ సింగ్ చేతికి పోయిన ఆయుధాల మీద ఆదోని పేరు చెక్కి ఉంటుంది. మన కర్నూలు వైపు కోటలో ఉన్న సరుకు ఇప్పుడు దేశదేశాల మ్యూజియాల్లో ఉంది. చేసిన చేతుల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. నీ కవచం లోపలివైపు ఒక చిన్న రాగి బిళ్ళ మీద నీ పేరు కొట్టి రింగుకు తగిలించు. ఇది మాత్రం పెదనాన్న కోరిక.

నీది ఈటె దెబ్బ ఆపాల్సిన పని లేదు కాబట్టి రివెట్లు అక్కర్లేదు. అరచేతి వెడల్పు ముక్క ముందు అల్లి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పట్టుకుని వేలాడదీయి. అల్లిక ఒక దిక్కే సాగుతుంది, రెండో దిక్కు సాగదు. సాగే దిక్కు నడుము చుట్టూ రావాలి, లేకపోతే తల దూరదు, ఊపిరి నిండా తీసుకోలేవు.

ఒంటికి ఆనేలా నేరుగా వేసుకోకు. పూర్వం సైనికులు కూడా కింద దూది కుట్టిన అంగీ తొడిగేవాళ్ళు. నీకు అంత లావుది వద్దు, మందపాటి చేనేత నూలు జాకెట్టు కుట్టించి భుజాల దగ్గర రెండు పొరలు వేయించు. పైన నడుముకు తోలు బెల్టు బిగించి, అల్లికను కొంచెం పైకి లాగి బెల్టు మీద వాలేలా వదులు. బరువు సగం తుంటి మీదకు దిగుతుంది. ఇది చేయకపోతే గంటలో మెడ పట్టేస్తుంది. వేదిక వెనక లైట్ల స్టాండ్లు, వైర్ల జోలికి వెళ్ళకు. నువ్వు వేసుకున్నది కరెంటు పారే లోహం. విప్పేటప్పుడు తలకు గుడ్డ చుట్టుకుని, ముందుకు బాగా వంగి ఒళ్ళు విదిలించు, దాని బరువుకు అదే జారి కింద పడుతుంది. మొదటిసారి పక్కన ఒకరుండాలి.

రాత్రుళ్ళు కూర్చుని వేల రింగులు లాగెయ్యకు. మణికట్టు నొప్పెట్టిన రోజున పని ఆపాలి, ప్రదర్శన తేదీ చూపించి నాతో వాదించకు. నాలుగు నెలలు టైముందని మీ అమ్మ చెప్పింది, రోజుకు నూట యాభై రింగులు వేస్తే హాయిగా సరిపోతుంది. నా చిన్న ప్లయర్లు రెండూ, నగల పనివాళ్ళు వాడే రంపం ఒకటీ బస్సు పార్సిల్లో పంపుతున్నాను. సైడ్ కట్టరుతో కోస్తే చివర గోరులా నొక్కుకుపోతుంది, రంపంతో కోస్తే చదునుగా వస్తుంది. ఒంటికి తగిలే మెడ అంచుకైనా రంపం వాడు.

మీ నాన్నను నేనే తీసుకెళ్ళమన్నానని చెప్పి రాణిగంజ్‌కు వెంటబెట్టుకుని వెళ్ళు. వాడు వస్తాడు. తీగ కొన్నాక చుట్ట మీద అంటించిన చీటీ ఫోటో తీసి నాకు పంపు. అది ఏ లోహమో, పూత ఉందో లేదో చూసి నేను సరే అనేదాకా ఒక్క చుట్టు కూడా చుట్టకు.

మీ పెదనాన్న