ఒక ఏడు ఎటుపోయింది?

ప్రశ్న: మా ఇంట్లో ఉన్న పంచాంగంలో 2025 ఉగాదితో మొదలైన విశ్వావసు నామ సంవత్సరానికి కలియుగ గతాబ్దాలు 5126 అని వేశారు. కలియుగం క్రీ.పూ. 3102లో మొదలైందంటారు. 3102కి 2025 కలిపితే 5127 రావాలి కదా? పంచాంగకర్త లెక్క తప్పారా, లేక అచ్చుతప్పా?
ఒక పాఠకుడు, తణుకు

జవాబు: రెండూ కాదండీ. పంచాంగకర్త అంకె సరిగ్గానే ఉంది. మీ కూడికలో కూడా తప్పు లేదు. అసలు చిక్కు ఇంగ్లీషు క్యాలెండర్‌లోనే ఉంది. క్రీ.పూ. 1 డిసెంబర్ 31 దాటితే వచ్చేది క్రీ.శ. 1 జనవరి 1. మధ్యలో సున్నా సంవత్సరం లేదు. నేను క్లాసులో సంఖ్యారేఖ గీసినప్పుడు మైనస్ ఒకటికీ ప్లస్ ఒకటికీ మధ్య సున్నా పెట్టేవాణ్ణి. చరిత్ర పుస్తకాల రేఖలో ఆ గడి ఉండదు. అందుకే క్రీ.పూ. నుంచి క్రీ.శ.కి దాటేటప్పుడు రెండూ కలిపి ఒకటి తీసేయాలి.

కావాలంటే రోమ్ చక్రవర్తి అగస్టస్ వయసు లెక్కగట్టి చూడండి. క్రీ.పూ. 63 సెప్టెంబర్‌లో పుట్టి, క్రీ.శ. 14 ఆగస్టులో పోయాడు. 63, 14 కలిపితే 77 అవుతుంది గానీ, ఆయనకు అప్పటికి 76 కూడా నిండలేదు. చదువుకున్నవాళ్ళు కూడా ఇక్కడ పప్పులో కాలేశారు. కవి వర్జిల్ పుట్టింది క్రీ.పూ. 70లో. ఆయన 2000వ జయంతిని 1930లోనే ఘనంగా జరిపేశారు. లెక్క ప్రకారం అది 1931.

రోమన్ అంకెల్లో సున్నా లేదు కాబట్టి ఇలా జరిగిందని చాలామంది చెబుతారు. అది సగమే నిజమని నా అభిప్రాయం. ఈ లెక్క మొదలుపెట్టిన డయోనిసియస్ ఎక్సిగ్యూస్ అనే సన్యాసి తన పట్టికలోనే ఒకచోట 'ఏమీ లేదు' అనే అర్థంలో 'నుల్లా' అని రాసుకున్నాడు. అసలు కారణం ఆయన లెక్కపెట్టిన పద్ధతి. మనం పిల్లవాడి వయసు చెప్పేటప్పుడు 'ఐదు నిండాయి, ఆరు నడుస్తోంది' అంటాం. డయోనిసియస్ నడిచే ఏటికి నంబరు వేశాడు. అలాంటప్పుడు మొదటి ఏడు ఒకటే అవుతుంది, సున్నా కాదు. మన పంచాంగం నిండిన ఏళ్ళు చెబుతుంది కనుకనే 'గతాబ్దాలు' అని రాస్తుంది. విశ్వావసు మొదలయ్యేసరికి 5126 నిండాయి, ఆ ఏడు నడిచేది 5127. మీ కూడికకూ 5127 వచ్చిందని సంబరపడకండి, అది కాకతాళీయం.

ఖగోళ శాస్త్రవేత్తలకు మాత్రం సున్నా లేకపోతే పని జరగదు. 1740లో ఫ్రెంచి శాస్త్రవేత్త జాక్ కాసినీ తన పట్టికల్లో క్రీ.పూ. 1ని సున్నాగా వేశాడు. ఆ లెక్కలో కలియుగారంభం మైనస్ 3101. అక్కడి నుంచి 2025కి ఎన్నేళ్ళో చూడండి, మీ పంచాంగం అంకే వస్తుంది.

ఇరవై ఒకటో శతాబ్దం 2001లో మొదలవడానికీ ఇదే కారణం. 1999 డిసెంబర్ 31న మా స్టాఫ్‌రూమ్‌లో ఈ మాటంటే, కేకు కోసే టైములో లెక్కలేంటి మాస్టారూ అన్నారు.

ప్రశ్న: క్రీస్తు క్రీస్తుపూర్వం పుట్టాడని ఎక్కడో చదివాను. అదెలా సాధ్యం?
ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: క్రీస్తు పుట్టిన నాటి నుంచి ఎవరూ ఏళ్ళు లెక్కపెట్టుకుంటూ రాలేదమ్మా. డయోనిసియస్ రోమ్‌లో ఈ పని చేసింది 525లో. ఆయనకు కావలసింది ఈస్టర్ ఏ తేదీన వస్తుందో చెప్పే పట్టిక. అప్పటికి ఉన్న పట్టికల్లో ఏళ్ళను డయోక్లెటియన్ చక్రవర్తి గద్దెనెక్కిన 284 నుంచి లెక్కించేవారు. క్రైస్తవులను చిత్రహింసలు పెట్టిన రాజు పేరు ఈస్టర్ పట్టికలో ఎందుకని ఆయన దాన్ని తీసేసి, క్రీస్తు నుంచి లెక్క వేశాడు. ఎలా వేశాడో వివరంగా రాసిపెట్టలేదు.

మత్తయి సువార్త ప్రకారం యేసు పుట్టింది హేరోదు రాజు రోజుల్లో. హేరోదు క్రీ.పూ. 4లో చనిపోయాడని ఎక్కువమంది చరిత్రకారుల మాట. అంటే యేసు అప్పటికే పుట్టి ఉండాలి. డయోనిసియస్ లెక్క నాలుగేళ్ళో, ఇంకాస్త ఎక్కువో జారిందన్నమాట. ఆ తర్వాత ఇంగ్లండ్‌లో బీడ్ అనే సన్యాసి 731లో ముగించిన తన చరిత్ర గ్రంథమంతా ఈ లెక్కతోనే నడిపాడు. అక్కడి నుంచి అది పాకింది. ఇప్పుడు దిద్దుదామంటే ప్రపంచంలో ఉన్న దస్తావేజులన్నీ దిద్దాలి.

ఇందులో నాకు భలే అనిపించే సంగతి ఒకటుంది. డయోనిసియస్ వద్దనుకున్న 284 లెక్కను ఈజిప్టులోని కోప్టిక్ క్రైస్తవులు ఇప్పటికీ వాడుతున్నారు. దానికి 'అమరవీరుల శకం' అని పేరు పెట్టుకున్నారు, అంతే.

ప్రశ్న: సార్, పోటీ పరీక్షలో క్రీ.శ. అని రాయాలా, సా.శ. అని రాయాలా? అంకె మారుతుందా?
ఒక విద్యార్థి, కరీంనగర్

జవాబు: మారదు నాయనా. క్రీ.శ. 1022 అన్నా, సామాన్య శకం 1022 అన్నా ఒకటే. టెన్షన్ పడకు. ఏదో ఒకటి ఎంచుకుని పేపరంతా అదే రాయి.

ప్రశ్న: మా నాన్నగారి పుట్టిన తేదీ ఎక్కడా లేదు. పాత జాతకం కాగితంలో 'శుక్ల నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి' అని మాత్రం ఉంది. శుక్ల అంటే 1929 అని మా అన్నయ్య అంటున్నాడు. 2029లో శతజయంతి చేద్దామనుకుంటున్నాం. హాలు ముందే బుక్ చేయాలి.
ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: ఆగండమ్మా, బుక్ చేయకండి. మీ అన్నయ్యగారు సగం వరకు సరిగ్గానే వచ్చారు. ప్రభవ 1927 ఉగాదికి వచ్చింది. విభవ 1928, శుక్ల 1929. కానీ తెలుగు సంవత్సరం ఉగాది నుంచి ఉగాది దాకా. మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు క్యాలెండర్ మారిపోయి ఉంటుంది. కాబట్టి నాన్నగారు పుట్టింది 1930 ఫిబ్రవరిలో.

శాసనాలు చదివేవాళ్ళకూ ఇదే తంటా. రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకం శాలివాహన శకం 944లో. ఆగస్టు నెల కాబట్టి 78 కలిపితే 1022. అదే మాఘంలో జరిగి ఉంటే 79 కలపాలి.

మీ నాన్నగారికి నూరు నిండేది సౌమ్య నామ సంవత్సర మాఘంలో, అంటే 2030 ఫిబ్రవరిలో. పంచమి ఏ రోజో ఆ ఏటి పంచాంగం చూసి ఖాయం చేసుకోండి. డల్లాస్ పంచాంగమే చూడండి, ఇక్కడిది కాదు. తిథి అక్కడికి ఒక రోజు తేడాగా పడవచ్చు.